రోహిణి కార్తెలో చిక్కుడుకాయ

సామ్రాజ్యమని ఒకామె ఉండేదంట మా పక్కూళ్లో, చెంచయ్య పెళ్లాం. పేరుకి సామ్రాజ్యమేగానీ ఏలుకోటానికి ఆమెకున్నదల్లా రెండు గదుల ఇల్లు, ఇంటెనకమాల నాలుగు సెంట్ల పెరడు, ఒక అత్తగారూ. ఆ అత్త పేరు గురవమ్మ. అత్తాకోడళ్లు ఎట్టా ఉండేవోళ్లంటే, మీ ఇళ్లల్లో ఎట్టా ఉంటారో అట్టానే, నాచేత చెప్పించబాకండి. ఏమైందంటే, గురవమ్మ మంచాన పడింది. జ్యేష్ఠమాసం, మిట్టమధ్యాన్నం, వడగాడ్పు కొడతా ఉంది. ఆ ముసలామె కోడల్ని పిలిచి, ఏమ్మే, నాకు చిక్కుడుకాయ కూర తినాలనుందే, ఇంత వండి పెట్టవే అనిందంట. చిక్కుడుకాయ ఎప్పుడు కాస్తదమ్మా? చలికాలంలో గదా. సామ్రాజ్యం అప్పుడే పొయ్యి ముందర నించి లేచొచ్చింది, ఒళ్లంతా చెమట, నడుం నొప్పి. "ఈ ఎండల్లో చిక్కుడుకాయలు యాడ దొరుకుతాయత్తా, నోరు మూసుకోని పడుకో" అనేసింది. గురవమ్మ మూసుకుంది. పొద్దుగూకేలోపల పొయ్యింది. ఇంకో మాట లేదనుకో ఆ ఇద్దరి మధ్యన.

సంవత్సరం తిరిగింది, తద్దినం పెట్టారు. గారెలు, బూరెలు, పులుసు, అన్నీ వండి ఆకులో వడ్డించి గోడ మీద పెట్టారు. కాకి రాలేదు. అంటే ఊళ్లో కాకుల్లేక కాదు, ఎదురింటి గోడ మీద ఏడెనిమిది కూచోనున్నాయి, ఇటు చూస్తన్నాయి, రావటంలే. పెద్దోళ్లేమంటారు? పోయినోళ్లకి కోరిక మిగిలిపోతే కాకి ముట్టదంటారు. చెంచయ్య పెళ్లాన్ని అడిగాడంట, మా అమ్మకేం మిగిలిందే అని. చిక్కుడుకాయ కూర అడిగిందయ్యా, కాలం కాదుగదాని నేను వండలా అని చెప్పింది. చెప్పింది గానీ నోరు మూసుకోమన్న సంగతి చెప్పలా. ఆ ముక్క మింగేసింది. మింగిందేగాని అరగలా. రెండో ఏడు తద్దినానికి ముందుగా కందుకూరు పొయ్యి మార్కెట్టంతా తిరిగితే గోరుచిక్కుడు దొరికింది, అదీ చిక్కుడేగదాని వండి పెడితే కాకి వాసన కూడా చూళ్లేదు. సామ్రాజ్యానికి అన్నం సయించటం మానేసింది. మా అత్తకి నా మీద కోపమా, చిక్కుడుకాయ మీద ఆశా, ఏదో ఒకటి తెలిస్తే బాగుండని ఆమె బాధ.

అట్టా ఉండగా ఒకసారి మిరపనారు కోసం నర్సరీకి పోతే, అక్కడ పెద్ద పాలిథిన్ కవరుతో ఇల్లులాగా కట్టి, దాంట్లో నారు పోసి ఉన్నారంట. ఇదేందని అడిగితే ఆ నర్సరీ ఆయన, దీన్ని గ్రీన్‌హౌస్ అంటారమ్మా, దీంట్లో కాలంతో పన్లేదు, ఏ పంటైనా ఎప్పుడైనా తియ్యొచ్చు అన్నాడు. కాలంతో పన్లేదా? ఏ పంటైనా? సామ్రాజ్యం మిరపనారు సంగతి మర్చిపొయ్యి ఇంటికొచ్చి, ఏమయ్యా, మన పెరట్లో అట్టాంటి కవరిల్లు కట్టాల, మీయమ్మకి చిక్కుడుకాయ కాయించాలని పట్టు పట్టింది. చెంచయ్యకి నవ్వాలో ఏడవాలో తెలవలా. కానీ వాళ్లమ్మ గదా. సరుగుడు కర్రలు పాతాడు, వెదురు బద్దలు వంచి కట్టాడు, పైన తెల్ల కవరు లాగి బిగించాడు. ఇంతవరకూ బాగుంది. ఇక్కడే ఒక తిరకాసుంది చూడండి. చెంచయ్య పుట్టి పెరిగిందంతా పొగాకు పనిలోనే. ఆయన జన్మలో చూసిన వేడిల్లు ఒకటే, పొగాకు కాల్చే బ్యారన్. బ్యారన్ అంటే సందు లేకుండా బిగించాల, ఆవిరి బయటికి పోకూడదు. అందుకని ఈ కవరిల్లుక్కూడా ఒక్క చిల్లి వదల్లా, కింద మట్టి మెత్తి, తలుపుక్కూడా గోనెపట్టా కుట్టి, బ్యారన్‌లో తగిలించే ధర్మామీటరు తెచ్చి లోపల ఏలాడదీశాడు. మాఘమాసం మొదట్లో గింజ పెట్టారు. మొలిచింది. నాలుగాకులేసింది. సామ్రాజ్యం సంబరపడతా ఉంది. ఒకరోజు ఇద్దరూ పొలం పొయ్యొచ్చి చూసేతలికి ఆకులన్నీ పసుప్పచ్చగా, ముట్టుకుంటే గలగలమంటా ఎండిపొయ్యున్నాయి. చెంచయ్య ఒకాకు తుంచి, వెలుతురుకెత్తి చూసి, వాసన చూసి, "ఏం కాలిందే! మొదటి రకం ఆకు!" అన్నాడంట. ఆమె చూసిన చూపుకి ఆ ఆకు కింద పడేశాడు.

మళ్లీ నర్సరీకి పొయ్యింది. ఆయన నెత్తి కొట్టుకోని, గాలి లేకపోతే ఎట్టమ్మా, మధ్యాన్నం పూట పక్కలు పైకి చుట్టాల, పైన నీడ వెయ్యాల, నీళ్లు పొద్దున్నే పొయ్యాలగాని ఎండలో పొయ్యకూడదు, మట్టిలో మాగిన పేడ కలపాల అని చెప్పి పంపిచ్చాడు. సరే, శివరాత్రి పొయ్యినాక మళ్లీ గింజ. ఈసారి సామ్రాజ్యం బిడ్డని సాకినట్టు సాకింది. పొద్దున్నే నీళ్లు, పది గంటలకి పక్కలు పైకి, పైన తడిపిన గోతాలు, సాయంత్రం పక్కలు కిందికి, పేనుబంక కనపడితే యాపకషాయం. తీగ పాకింది తల్లీ, ఎట్టా పాకిందని, పందిరి ఎక్కింది, బద్దల్ని చుట్టేసింది, లోపల మనిషి నిలబట్టానికి జాగా లేదు. ఆకు అరచెయ్యంత. ఉగాది వచ్చింది, పూత లేదు. శ్రీరామనవమి వచ్చింది, పూత లేదు. ఒక్కటంటే ఒక్క పువ్వు లేదు.

ఇంక ఊరంతా వైద్యులే గదా. ఒకామె దిష్టి తగిలిందే, పాత చెప్పు కట్టమనింది, కట్టింది. ఒకాయన నీళ్లు ఆపమన్నాడు, ఆపితే తీగ వాడింది, మళ్లీ పోసింది. ఇంకొకాయన, చెట్టు కాయకపోతే గొడ్డలి చూపిచ్చి నరుకుతానని బెదిరించాలన్నాడు. సామ్రాజ్యం గొడ్డలి తీసుకోని లోపలికి పొయ్యింది. పొయ్యి నిలబడింది. ఎత్తలేకపొయ్యింది. నిన్ను కూడా కసిరితే నాకింకెవురున్నారే అని ఆ తీగ మొదట్లో కూచోని ఏడ్చిందంట. జ్యేష్ఠం ఇంకో రెణ్ణెల్లు లేదు. ఆమెకి తల తిరిగిపోతంది. నీళ్లుండాయి, ఎరువుంది, నీడుంది, గాలుంది, ఇంకేం కావాల ఈ తీగకి?

ఆ సాయంత్రం పక్కింటి మాలక్ష్మమ్మ గోడ మీదినించి తొంగిచూసి, ఏందే ఇంకా అంట్లు కూడా తోమలా అంటే, పొద్దు చాల్లేదక్కా అనింది సామ్రాజ్యం. దానికా మాలక్ష్మమ్మ, "ఇదేమన్నా పుష్యమాసమా ఏందే, పూసగుచ్చే పొద్దుండకపోటానికి? ఆరున్నరైనా వెలుతురు పోలేదు, చూడు" అనిందంట. సామ్రాజ్యం చేతిలో చెంబు అట్టానే ఉండిపొయ్యింది. నిజమేగదా! చిక్కుడు పూసేదెప్పుడు? పొద్దు పొట్టిదైనాక గదా. మనం దానికి వేడి చూసుకున్నాం, నీళ్లు చూసుకున్నాం, పొద్దు సంగతి ఎవురు చూశారు? కవరు అద్దం మాదిరుంటే తీగకి తెలవకుండా ఉంటదా బయట ఎండాకాలమని? దానికీ కళ్లుంటాయేమో మనకేం తెలుసు. మర్నాటి నించి ఏం చేసిందంటే, పొగాకు బేళ్ల మీద కప్పే నల్లపట్టా ఉంది చూడు, అది తెచ్చి, సాయంత్రం ఇంకా రెండు బారల పొద్దుండగానే కవరిల్లంతా కప్పేసేది. మళ్లీ పొద్దున రెండు బారలు పొద్దెక్కిందాకా తీసేది కాదు. బయట చైత్రం, లోపల పుష్యం.

అప్పుడు చూడాల ఆ ఇంట్లో గందరగోళం. ఒకరోజు వాళ్ల కోడిపుంజు లోపల చిక్కడిపొయ్యింది. ఊళ్లో పుంజులన్నీ కూసి, మేతకి పొయ్యి, సగం కడుపు నింపుకున్నాక, ఏడున్నరకి పట్టా తియ్యంగానే ఇది బయటికొచ్చి మెడ సాచి కొక్కొరోకోమని కూసింది. మిగతా కోళ్లన్నీ దీనికేం మాయరోగమని చూస్తన్నాయి. చెంచయ్య రోజూ కల్లంకాడికి పోతా, ఏమే, లోపల తెల్లారిందా అని అడిగేవోడు. మాలక్ష్మమ్మేమో ఎగతాళికి, పుష్యమాసం చేశావుగదే, ముగ్గేసి గొబ్బెమ్మ కూడా పెట్టు, తీగకి నమ్మకం కుదురుద్ది అనింది. ఎగతాళిని ఎగతాళి అని తెలుసుకునే స్థితిలో లేదు సామ్రాజ్యం. నిజమేనని కవరిల్లు తలుపు ముందర పెద్ద ముగ్గేసి, పేడతో గొబ్బెమ్మ చేసి, గుమ్మడిపువ్వు లేదని బీరపువ్వు గుచ్చి పెట్టింది. నడిచైత్రంలో గొబ్బెమ్మ! నవ్వుతారెందుకు, మీరైతే ఏం చేసేవోళ్లో. ఆఖరికి ఆమెకే తెలవకుండా పొయ్యింది. లోపలికి పోతే కొంగు కప్పుకునేది, బయటికొస్తే విసురుకునేది. ఇవాళ ఏ నెలమ్మా అని ఎవురన్నా అడిగితే, "లోపలా, బయటా?" అనేదంట.

వైశాఖ పున్నం దాటినాక ఒకరోజు పట్టా తీసేతలికి ఒక గెల. ఊదారంగు పూత, ఇంతే, చిటికినవేలంత. రోహిణి కార్తె వచ్చింది, రోళ్లు పగిలే ఎండ, పూత రాలతా ఉంది. ఈమె గోతాలు తడపతానే ఉంది, రోజుకి నాలుగుసార్లు, ఐదుసార్లు. రాలింది రాలగా నిలబడిందెంతో తెలుసా, పదకొండు కాయలు. పుట్టెడు తీగకి పదకొండు కాయలు. ఆమె వాటిని లెక్కపెట్టుకుంటా పడుకునేది.

తద్దినం రోజొచ్చింది. పదకొండు కాయలూ కోసి, ఈనెలు తీసి, తుంచి వండితే ఇంత పిడికెడు కూరైంది. ఆకులో మొట్టమొదట అదే వడ్డించి గోడ మీద పెట్టారు. కావ్ కావ్ అని చెంచయ్య పిలిచాడు. కాకులు ఎదురింటి గోడ మీద ఉండాయి, రాలా. అరగంటైంది, గంటైంది. అందరూ చేతులు జోడించి మొక్కటం మొదలుపెట్టారు. అమ్మా, నీ గేదెని అమ్మనులే అన్నాడు చెంచయ్య. నీ సమాధికి సున్నం కొట్టిస్తానన్నాడు. గురవమ్మొదినా, రావే, ఎండకి ఛస్తన్నామే అనింది మాలక్ష్మమ్మ. రాలా. సామ్రాజ్యానికి మూడునెల్ల చాకిరీ, పట్టా, గోతాలు, గొబ్బెమ్మ, అన్నీ కళ్లముందు తిరిగినయ్యి. చిక్కుడుకాయ పెట్టినా ముట్టలేదంటే ఇంకేం మిగిలింది? వెనక్కి తిరిగి పెరట్లోకి పొయ్యి కవరిల్లు కర్ర పట్టుకోని ఒక్కసారిగా గొంతెత్తి ఏడ్చింది. "నోరు మూసుకోమన్నానత్తా! చిక్కుడుకాయ వండకపోటం గాదు, నిన్ను నోరు మూసుకోమన్నాను. అదే ఆఖరిమాట అవుద్దని నాకేం తెలుసు. తెలిస్తే అంటానా!"

చెంచయ్య వెనకమాలే వచ్చాడు. విన్నాడు. తిడతాడేమో, కొడతాడేమో అనుకుంది. ఆయన కవరు మీది దుమ్ము వేలితో గీస్తా నిలబడి, "ఆ రోజు నువ్వు కబురంపితే నేను పేకాటలో ఉన్నానే. ఈ ఒక్క ఆట అయినాక వస్తానన్నా. వచ్చేతలికి పొయ్యింది. ఎవురితో చెప్పలా నేను" అన్నాడంట. మూడేళ్లు ఒక కంచంలో తిని, ఒకరి సంగతి ఒకరికి చెప్పలా చూడండి. ఇద్దరూ అట్టా మొహాలు చూసుకుంటా ఉండగా మాలక్ష్మమ్మ కేకేసింది, వచ్చిందిరో వచ్చిందని. పరిగెత్తుకొచ్చి చూస్తే ఆకు మీద కాకి. ఎప్పుడొచ్చిందక్కా, ఏ మాటకి వచ్చిందక్కా అంటే, నేను కళ్లు మూసుకోని దణ్ణం పెట్టుకుంటన్నానే, చూళ్లేదు అనింది ఆ మహాతల్లి.

కాకి తింటా ఉంది. అన్నం తినింది, గారె ముక్క తినింది, బూరె పొడిచింది. చిక్కుడుకాయ కూర దగ్గిరికొచ్చి, ఒక్క ముక్క నోట పెట్టి, పక్కన పడేసి, ఎగిరిపొయ్యింది! అందరూ నోళ్లు తెరిచారు. దేనికోసమైతే ఇంతా చేశారో, అదే వొదిలేసింది. సామ్రాజ్యం నడిచొచ్చి ఆ మిగిలిన కూర చేత్తో తీసి నోట్లో ఏసుకుంది. వేసుకోని అట్టానే నిలబడింది. తద్దినం వంట రుచి చూడకూడదు గదా, చూళ్లేదు. "ఏమయ్యా," అనింది, "ఉప్పెయ్యలా." ఏడుస్తానే నవ్వింది, నవ్వతానే ఆ కూరంతా తినేసింది, చప్పటి కూర, పదకొండు కాయలూ. తిని చెయ్యి కడుక్కోకుండానే ఎదురింటి గోడ వైపు తిరిగి, "నీదే రైటత్తా, ఏం కూర అది. వచ్చే జ్యేష్ఠానికి ఉప్పేసి పెడతాగానీ, రా" అనింది.

ఇంక మీరడుగుతారు, కాకి కోడలి మాటకి వచ్చిందా, కొడుకు మాటకి వచ్చిందా, చిక్కుడు వాసనకి వచ్చిందా అని. ఆ ఊళ్లోనే తేలలా, నేనేం తేలుస్తాను? కవరిల్లు మటుకు ఇప్పటికీ ఉంది. సామ్రాజ్యం ఏటా చైత్రంలో నల్లపట్టా కప్పుతానే ఉంది. తీగకి నీళ్లు పోసినంతసేపూ అత్తతో ఒకటే కబుర్లంట, ఇవాళ ఏం వండింది, చెంచయ్య ఏం సతాయించాడు, అన్నీ చెప్పుద్దంట. గురవమ్మ బతికున్నన్నాళ్లూ రోజుకి నాలుగు మాటలు లేవు ఆ ఇంట్లో. అవేవో అప్పుడే మాట్లాడుకోనుంటే, కవరు ఖర్చన్నా మిగిలేది.