ప్యానెల్ నంబరు లేని థియరీ

హలో… ఆ, నేనే, ప్రీతికానే. ఎవరది?

అక్కా! దేవసేనక్కా, నువ్వా! ఇదెవరి నంబరు? … పక్కింటి ఇంద్రాణత్తదా. నీ ఫోనేమాయె? … పగిలిపోయిందా. అయ్యో, ఎట్ల? … సరే, సరే, చెప్పకుంటే పో.

బిజీ ఏముండాది, అంగట్లోనే ఉండా. నాయన సరుకుకని అరక్కోణం పోయినాడు. పొద్దన్నించి ఒక కుక్కరు, రెండు చెంబులు అమ్మినా, అంతే… ఒక్క నిమిషం. తంగరాజన్నా! ఆమెకి ఇడ్లీ పాత్ర కాదు, ఇడియాప్పం అచ్చు కావాలంట. పైన అరలో ఉండాది చూడు… ఆ, చెప్పక్కా.

… ఫోన్ చేసింది నువ్వు, కబుర్లు నేను చెప్పాలా? … సరే, నేనే చెప్తా. మన కామిక్ గ్రూపులో ఒకటే రగడ. 'నల్ల గులాబీల కోట' గ్రూపే. పెండ్లికి ముందు ఇద్దరం ఒకే ఫోన్లో చదివేవాళ్ళం గదా, అదే. డ్యూక్ ఎలీన్ని మేడగదిలో పెట్టి తాళమేసినాడు చూడు, అప్పట్నించి కొట్లాట. కొందరు అది ప్రేమంటారు, కొందరు జైలంటారు.

నా థియరీనా? ఎలీన్ మీద శాపముండాది. గడప దాటితే చచ్చిపోతాది. ఆ సంగతి డ్యూక్‌కి మాత్రమే తెలుసు. అందుకే తాళం. … ఏందక్కా, అంత పేలవంగా 'ఊ' అంటావు? మున్నూట నలభై మంది ఉండారు గ్రూపులో, ముప్పాతిక మంది ఒప్పుకున్నారు తెల్సా!

అడ్మిన్ని గదా, రూలు పెట్టినా. ఎవరు థియరీ రాసినా ఎపిసోడ్ నంబరు, ప్యానెల్ నంబరు రాయాల. బొమ్మలో లేనిది మాట్లాడితే డిలీట్. … లేకుంటే ఎట్లక్కా, నోటికొచ్చింది రాస్తారు.

ఇప్పుడు నవ్వతావు చూడు. పోయిన వారం 'వానచినుకు' అని ఒక ఐడీ. పేరు లేదు, ఫోటో లేదు. ఏం రాసిందంటే — ఎలీన్‌కి ప్రేమే లేదంట. బండి శబ్దం వింటానే మొగానికి నవ్వు తగిలించుకుంటాదంట. గిన్నె దించేటప్పుడు శబ్దం రాకుండా కింద గుడ్డ వేస్తాదంట. బయటికి పోయొస్తే బస్సు టికెట్టు చూపించాలంట. దాంట్లో టైము చూసి, బస్టాండు నించి ఇంటికి ఎన్ని నిమిషాలాయెనని అడగతాడంట. ఇంకొక చిన్న ఫోను బియ్యం డ్రమ్ములో దాచుకోనుండాదంట!

డ్యూక్ తిరిగేది గుర్రంబండిలో. ఆ రాజ్యంలో బస్సేది అక్కా? బియ్యం డ్రమ్మేది?

… నేను ఊరుకుంటానా! ఎపిసోడెంత, ప్యానెలెంత అని అడిగినా. ఆ పిల్ల దానికి జవాబియ్యలేదు. 'ఇది ప్రేమేనా? ఎవరన్నా చెప్పండి' అని మళ్ళీ ఒక లైను రాసింది. నేనొక స్టిక్కర్ చేసి పెట్టినా. డ్యూక్‌కి కండక్టరు చొక్కా, చేతిలో టికెట్టు మిషను. గ్రూపంతా పడీ పడీ నవ్వినారు. తర్వాత ఆ పిల్లని తీసేసినా.

ఆమె రాసిందీ, నా స్టిక్కరూ మన ఫ్యామిలీ గ్రూపులో కూడా పెట్టినా గదా. బావ కూడా నవ్వు బొమ్మ పెట్టినాడు! నువ్వే ఏమీ పెట్టలేదు.

… అక్కా?

లైన్లో ఉండావా? … ఏడస్తా ఉండావా? ఏమాయె?

… మళ్ళీ చెప్పు. వినపడలేదు. … వినపడింది. మళ్ళీ చెప్పు.

నువ్వా?

తంగరాజన్నా, గల్లాపెట్టె దగ్గర కూర్చో… నాకు తెలీదు, ఎంతకిస్తావో ఇచ్చుకో పో!

… అక్కా, అదంతా మీ ఇంట్లోనా? ఆ టికెట్టు… ఆ బియ్యం డ్రమ్ము… మురళీధరన్ బావా అడిగేది? … నేను గ్రూపులో పెట్టింది మంగళారం పొద్దున. … ఆ పొద్దున్నేనా. నవ్వు బొమ్మ పెట్టి, లేచి వంటింట్లోకి పోయి, బియ్యంలో చెయ్యి పెట్టినాడా.

అయితే అది పగిలిపోలేదు. పగలగొట్టినాడు. రెండు ఫోన్లూనా?

నిన్నేమి చేసినాడు? … అది కాదు నేనడిగేది. నిన్నేమి చేసినాడు? … ఏ చెయ్యి? … ఆస్పత్రికి పోలేదా? … పసుపు పట్టేసి కట్టింది ఇంద్రాణత్తా? మీ అత్త ఏం చేస్తా ఉండె? …

ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది డిలీట్ చేస్తా. ఇదో, ఇప్పుడే చేస్తా, ఉండు… నాకు మాత్రం పోతాదంటా ఉండాదక్కా. అందరికీ పోయే ఆప్షను రాలేదు. దినాలైపోయె గదా… మీ మామ కూడా చూసినాడా. … నీ మరిది నీ ముందరే చదివి నవ్వతా ఉండాడా. నువ్వు అన్నం వడ్డిస్తా ఉంటే.



… ఆ. ఆడి నెలలో, ఆషాఢంలో చెప్పినావు. గుర్తుండాది. కొత్త పెండ్లికూతురు ఆడి నెలంతా పుట్టింట్లో ఉండాల గదా, బావ పదో దినమే వచ్చి నిలబడినాడు. పిలుచుకోని పోతానని. ఊళ్ళో ఎవరూ చెయ్యని పని. మనమంతా మురిసిపోయినాము, ఎంత ప్రేమ చూడు, నెల తాళలేక వచ్చినాడని. నువ్వు మీ అమ్మ, మా పెద్దమ్మ పక్కన కూర్చోని, పోనంటివి.

నేనే అన్నా. 'అచ్చం డ్యూకేనక్కా, నువ్వు లక్కీ' అని. … అందరూ నవ్వినారు. ఆ నవ్వులోనే పెద్దనాయన నీ పెట్టె తెచ్చి కార్లో పెట్టినాడు.

… తెలీదనొద్దా. సరే, అనను. మోచేతి దగ్గర మచ్చ చూసినా. పొయ్యి దగ్గర కాలిందంటివి. నమ్మేది సులువుగా ఉండె, నమ్మినా. పొయ్యి దగ్గర కాలితే అట్ల గుండ్రంగా ఉండదని నాకు ఆ దినమే తెలుసు. అడిగితే ఏమన్నా చెయ్యాల్సి వస్తాదని అడగలేదు. చాలునా? ఇంకేం చెప్పమంటావు? … లేదు, నీమీద కాదు కోపం. నీమీద ఎందుకు కోపం!

మున్నూరు మందీ ఎవరో తెలీదు, అందుకే వాళ్ళని అడిగినావా. … ఇంట్లో అడిగితే సర్దుకోమంటారని. … తెలీనోళ్ళు ఒక్కరన్నా 'ఇది తప్పు' అంటారనుకున్నావా. … మొదట నవ్వింది నేనేనక్కా. వాళ్ళు నన్ను చూసి నవ్వినారు. ఒక పిల్ల, ఎవరో ధర్మపురి పిల్ల, 'ఇది నిజంగా ఎవరి ఇంట్లోనో జరగతా ఉన్నట్టుండాది' అని రాసింది. దాన్ని కూడా డిలీట్ చేసినా. రూలు ప్రకారం.

… ఏం చెయ్యమంటావు, చెప్పు. … అంతేనా? నువ్వు రాసింది కామిక్ గ్రూపులో మళ్ళీ పెట్టమంటావా? … పెడతా. నంబరు లేకుండానే పెడతా. తప్పు నాదని కూడా రాస్తా. కానీ ఇప్పుడు అదా అక్కా ముఖ్యం! నేను వస్తా ఉండా.

… ఎందుకు వద్దు? … అట్లంటావా. పొంగలప్పుడు వచ్చి కాఫీ తాగి, మీ హాల్లో సెల్ఫీ తీసుకోని పోయినట్టు పోతానంటావా. … అను. ఇంకా అను. నాకు కావాల.

తంగరాజన్నా, నాయన వచ్చేదాకా అంగడి నీది. నేను అక్క ఊరికి, ఆర్.కె.పేటకి పోతా ఉండా… ఆమె చెంబు వెనక్కి తీసుకోమంటే తీసుకో, నాకెందుకు!

… ఆ, నడస్తానే ఉండా. బస్టాండు ఎంతసేపు, ఇదో వచ్చేసింది. ఫోన్ పెట్టొద్దు. ఇంద్రాణత్త ఉండాదా పక్కన? నేనొచ్చేదాకా మీ ఇంటికి పోవద్దు, అక్కడే కూర్చో. … పెద్దనాయనకి చెప్పను. చెప్తే ఆయన వెనకాల వచ్చి మళ్ళీ పెట్టె తీస్తాడు. … పెద్దమ్మకి నేను చెప్పుకుంటా. … ఇదో, ఎక్కినా. కిటికీ సీటు.

ఏంది? … బండి శబ్దమా? … తలుపు గడియ వెయ్యమను. అక్కా, ఇంద్రాణత్తని తలుపు వెయ్యమను… అక్కా?

అక్కా!

… ఆ. బావా. … నేనే, ప్రీతికని.

… అక్కతో మాట్లాడతా ఉండినా. … కామిక్ గురించి కాదు. … స్టిక్కర్ బాగుండాదా. నీ అంగడికొచ్చే వాళ్ళకంతా చూపించినావా. …

… బొమ్మల కథలు చదివి ఆమెకి బుద్ధి చెడిందా? చెడింది బావా, నిజమే. ఆమెకి కాదు, నాకు.

… అరవొద్దు. … నేను చిన్నపిల్లనే. మధ్యలోకి వస్తా ఉండా. ఆమె చెయ్యి ఎట్ల వాచిందో ఇంద్రాణత్త చూసింది, ఆమె సాక్షి… ఆమె ఇంట్లో నిలబడి ఆమెని బెదిరిస్తా ఉండావా? నాకు వినపడతా ఉండాది.

… పెద్దనాయనకి చెప్పుకో పో. … నా పెండ్లి కాదా? కాకుంటే పోనీ.

అక్కకి ఫోనియ్యి. … ఇయ్యవా. సరే.

నేను ఆర్.కె.పేట బస్సులో ఉండా బావా. … పెట్టేస్తావా? పెట్టేయ్. నువ్వు పెడితేనే గదా, నేను పోలీసుకి ఫోన్ చేసేది.