యాభై రెండుకి యాభై రెండు

"గొప్పలు చెప్పుకోవడం నాకు అలవాటు లేదు గానీ, కళ్ళు మూసుకుని హాజరు తీసుకోగల ఫ్లోర్ లీడర్ ఈ హాస్టల్లో నేనొక్కదాన్నేనే. నవ్వకండి. సాయంత్రం ఏడున్నరకి రిజిస్టరు చంకలో పెట్టుకుని వరండా ఈ చివర నిలబడతానా, ఇక నాకు చెవులు చాలు. చెప్పులు ఈడ్చుకుంటూ పోయేది మూడో గది. టపటపా పరిగెత్తేది పదకొండు. రెండడుగులేసి ఆగి, మళ్ళీ రెండడుగులేసేది ఇరవై ఆరు, ఫోన్లో మెసేజీలు చదువుకుంటూ నడుస్తుంది పిచ్చిది. యాభై రెండు గదులు, యాభై రెండు నడకలు. ఒక్కటి తగ్గిందా, నాకిక్కడ చెవి వెనకాల దురద పుడుతుంది."

"మరి నా నడకెలా ఉంటుందక్కా?" అంది బొద్దు.

"నీ నడక ఎందుకే, బిస్కెట్ పొట్లం చప్పుడు చాలదూ?"

అందరూ నవ్వారు. నాక్కావలసిందీ అదే.

ఆదివారం మధ్యాహ్నం. మూడు రోజులుగా విడవని వాన. కింది అంతస్తులో బట్టలుతుక్కునే గదిలో ఉన్నాం. మూడు మిషన్లలో ఒకటి చచ్చి ఏడాదయింది, మిగతా రెండూ ఊగిపోతూ తిరుగుతున్నాయి. గదంతా ఆరని బట్టల ముక్కవాసన. గుమ్మం పక్కన స్టూలు మీద ఓ అట్టపెట్టె. ఈ లీడరు వచ్చే ఏడాది కూడా కావాలా, వద్దా అని మా అంతస్తు వాళ్ళంతా తలో చీటీ రాసి అందులో వేయాలి. నాలుగింటికి వార్డెన్ వచ్చి పెట్టె తెరుస్తుంది.

కావాలంటే అద్దె లేని లీడరు గది ఇంకో ఏడాది నాది, దాంతోపాటు చదువూ నాది. వద్దంటే సూట్‌కేసు సర్దుకుని ఇంటికి పోవాలి. ఇంట్లో నా మంచం ఉండే చోట ఇప్పుడు వదిన కుట్టుమిషను ఉంది. పోయినసారి వెళ్ళినప్పుడు ఆ మిషను పక్కనే చాప వేసుకుని పడుకున్నాను. పొద్దున్నే లేచి చాప చుట్టేసేదాకా వదిన చేతిలో గుడ్డ పట్టుకుని నిలబడే ఉంది, పాపం, ఏమీ అనకుండా.

అందుకే చెబుతున్నాను కథలు. వినేవాళ్ళు నలుగురు. బొద్దు, కళ్ళజోడు, పొడుగమ్మాయి ముగ్గురూ బకెట్లు బోర్లించుకుని కూర్చున్నారు. నాలుగో పిల్ల యాభై రెండో గదిది, వరండా చిట్టచివర మూలగది. అటు తిరిగి ఇస్త్రీ చేసుకుంటోంది. ఒకటే దిండుగలేబు, ఎంతసేపటికీ తెమలదు.

"గోడ మీద నా నంబరు ఊరికే అంటించానా? 'ఏ వేళైనా పిలవండి' అని ఎర్ర స్కెచ్‌పెన్నుతో రాసి మరీ! మొదట్లో ఒక్క రింగుకే ఎత్తేదాన్ని. ఇప్పుడు చెయ్యి ఎంత అలవాటైపోయిందంటే, రింగవకముందే ఎత్తేస్తున్నాను. మొన్న పద్దెనిమిదో గదమ్మాయి నాకు ఫోన్ చేద్దామా వద్దా అని ఇంకా ఆలోచనలోనే ఉంది, నేను ఎత్తి 'చెప్పు తల్లీ' అన్నాను. జడుసుకు చచ్చింది."

"చేయని ఫోను ఎలా ఎత్తావక్కా?"

"అదేనమ్మా అనుభవమంటే. సరే, అది వదిలేయండి. పైపు పగిలిన రోజు ఏమైందో తెలుసా మీకు?"

"మేమూ ఉన్నాంగా," అంది కళ్ళజోడు. "బాత్‌రూంలో కుళాయి ఊడింది. ప్లంబరొచ్చి బిగించి పోయాడు."

"ఉన్నావే, ఎవరు కాదన్నారు? ఉండటం వేరు, చూడటం వేరు. ప్లంబరొచ్చింది ఎప్పుడు? అంతా అయిపోయాక, తడిసిన నేల మీద జారిపడటానికి వచ్చాడు. అంతకుముందు సంగతి చెబుతున్నా విను. కుళాయి ఊడి బుస్సుమని నీళ్ళు. నేను పరిగెత్తి బొటనవేలు అడ్డం పెట్టాను. ఆగిపోయింది. అంతే, ఇందులో గొప్పేముంది, ఎవరైనా పెడతారు. కానీ ఆ నీళ్ళు ఊరుకుంటాయా? ముందుకి దారి లేక వెనక్కి తిరిగాయి. గోడలో పైపంతా ఉబ్బింది. గోడ కూడా ఉబ్బింది, నెలలు నిండిన మనిషిలా. 'పుస్తకం తేవే!' అని అరిచాను, ఎవరో అర్థశాస్త్రం తెచ్చిచ్చారు, ఆరువందల పేజీలది. అది కుక్కాను. ఇన్నేళ్ళలో అందులోంచి ఒక్క ముక్క ఎవరి బుర్రలోకీ దిగలేదు కదా, ఇక నీళ్ళకేం దారిస్తుంది?"

బొద్దు పొట్ట పట్టుకుంది. పొడుగమ్మాయి మాత్రం పెట్టెకేసి ఓసారి, గోడ గడియారంకేసి ఓసారి చూసింది. మూడూ పది. ఆ పిల్ల చేతిలో చీటీ ఇంకా ఖాళీగానే ఉంది. నేను గొంతు పెంచాను.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నీళ్ళు కిందికి దిగి పునాదుల కింద చేరాయి. సీసా మూత ఊడినట్టు 'టప్' మని ఓ చప్పుడు. కిటికీలోంచి చూద్దును కదా, ఎదురుగా ఉండాల్సిన లైబ్రరీ పక్కకి జరిగిపోతోంది. అది జరగడమేమిటే, జరుగుతున్నది మనం! హాస్టలు మొత్తం లేచి తేలుతోంది. నాలుగంతస్తులు, రెండువందల మంచాలు, వార్డెన్ అప్పడాల్లా ఎండబెట్టుకున్న ఫైళ్ళతో సహా!"

"అబ్బా, అక్కా!"

"ఆగవే. అలాంటప్పుడు అందరూ ఏం చేస్తారు? అరుస్తారు. నేనేం చేశాను? హాజరు తీసుకున్నాను. రిజిస్టరు తడవకుండా నెత్తిన పెట్టుకుని, ఊగే వరండాలో గోడలు పట్టుకుని ఒక్కొక్క తలుపూ కొట్టాను. ఒకటి, ఉన్నాను. రెండు, ఉన్నాను. మూడు, ఉన్నాను. కరెంటు పోయింది, మొహాలు కనబడవు, ముక్కులు పట్టుకుని లెక్కపెట్టాను. యాభై రెండుకి యాభై రెండు! అప్పుడు గానీ నాకు ఊపిరాడలేదు. అందరి దగ్గరా బట్టలారేసే తాళ్ళు తీసుకుని ఒకటికొకటి ముడేసి, ఓ కొస దీపస్తంభానికి విసిరాను. పట్టుకుంది. కానీ స్తంభమే ఊడి మన వెనకాల వచ్చేసింది."

"మరి ఎలా ఆపావు?" అంది కళ్ళజోడు. ఆ పిల్లకి కూడా నోటి చివర నవ్వు మొదలైంది.

"ఎందుకాపాలి? ఆ రోజు పరీక్ష ఉందా లేదా? వాన, బస్సుల్లేవు. దుప్పట్లన్నీ కిటికీలకి కట్టించాను, గాలికి బుంగల్లా ఉబ్బాయి. వార్డెన్‌ని మేడ మీదికెక్కించి చేతికి గొడుగిచ్చి 'కుడికి! ఎడమకి!' అని నేను కిందనుంచి కేకలు. నడిరోడ్డు మీద హాస్టలు పడవలా పోతుంటే ట్రాఫిక్ పోలీసు చెయ్యెత్తి ఆపి, 'లైసెన్సేదీ?' అన్నాడు. రిజిస్టరు చూపించాను. వరసగా టిక్కులు, ఒక్కటీ తప్పిపోలేదు. చూసి సెల్యూట్ కొట్టి పొమ్మన్నాడు. పరీక్ష హాలు కిటికీకి మన కిటికీ ఆనించి ఒక్కొక్కర్నీ అటు దింపాను. దింపుతూ మళ్ళీ లెక్కపెట్టాను. తిరిగొచ్చేటప్పుడు ఎక్కించుకుంటూ మళ్ళీ. మూడుసార్లు! మూడుసార్లూ యాభై రెండు. ఇళ్ళు కొట్టుకుపోయినా, లోకం మునిగినా, నా అంతస్తులో ఒక్క పిల్ల తగ్గదే. తగ్గితే నాకు తెలియకుండా ఉండదు."

పొడుగమ్మాయి నవ్వుతూనే మోకాలి మీద చీటీ పెట్టుకుని ఏదో రాసి, లేచి పెట్టెలో వేసింది. నా గుండె కాస్త కుదుటపడింది.

"యాభై ఒకటి," అంది ఇస్త్రీ బల్ల దగ్గరి పిల్ల.

"ఏంటే?"

"ఆ రోజు యాభై ఒక్కరే లీడరక్కా. నేను లేను." ఇటు తిరగలేదు. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, దిండుగలేబు మడత పెడుతోంది. "పైపు పగిలిందని నాకు తర్వాత తెలిసింది. ముందురోజు కడుపునొప్పొస్తే బస్సెక్కి ఆసుపత్రికి పోయాను. ఆపరేషన్ అన్నారు. పదకొండు రోజులున్నాను."

"పదకొండు రోజులా? మాకెవ్వరికీ చెప్పలేదేమే?" అంది బొద్దు.

"నీకూ నాకూ మాటలెప్పుడున్నాయి?" అంది ఆ పిల్ల, కోపమేమీ లేకుండా. "ఇంటికి చెబితే చదువు మానిపించి తీసుకుపోతారు. మీవాళ్ళెవరో ఒకరి నంబరివ్వమని నర్సు ఒకటే పోరు. గోడ మీద ఎర్రగా రాసుంది కదా, రోజూ చూసి చూసి నోటికొచ్చేసింది. అదే ఇచ్చాను."

మిషను ఒకటి ఆగిపోయింది. రెండోది ఒక్కటే తిరుగుతోంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అంది నాకేసి తిరిగి. నా మాటే, నాలాగే అంది, కానీ ఎవరూ నవ్వలేదు. "నర్సు మూడుసార్లు చేసింది. మూడోసారి నా చెవి దగ్గరే పెట్టింది ఫోను. రింగవుతూనే ఉంది."

నాకు గుర్తుంది. పైపు పగిలిన మర్నాడు. మెస్‌లో ఆరుగురు నా చుట్టూ చేరారు, ఈ కథ మొదటిసారి చెబుతున్నాను. అప్పటికింకా బొటనవేలు దాకానే వచ్చింది. తెలియని నంబరు. ఏ బ్యాంకు వాళ్ళో అనుకుని ఫోను బోర్లా పెట్టాను, కథ మంచి పట్టులో ఉందని.

"రిజిస్టరులో..." అని ఏదో అనబోయాను.

"చూశాను. తిరిగొచ్చాక నీ గది బయట కుర్చీ మీద పెట్టి ఉంటే తీసి చూశాను. పదకొండు రోజులూ నేనున్నాను అందులో. నువ్వు విడివిడిగా టిక్కులు పెట్టవు కదక్కా. ఒకటో గది దగ్గర మొదలెట్టి కిందిదాకా ఒకటే గీత గీస్తావు. గీత చివర నా గదే."

అవును. ఏడున్నరకి వరండాలో నిలబడటం మొదటి నెలతోనే మానేశాను. మంచం మీద కూర్చుని, స్కేలు పెట్టి గీస్తాను. వంకర పోకూడదని.

"పన్నెండో రోజు మెట్లెక్కుతుంటే నువ్వే ఎదురయ్యావు. గోడ పట్టుకుని ఎక్కుతున్నాను. 'ఏమే, బాగా చిక్కావు, డైటింగా?' అన్నావు. అవునన్నాను."

కళ్ళజోడు నేలకేసి చూస్తోంది. బొద్దు బిస్కెట్ పొట్లం చప్పుడు కాకుండా మడిచి జేబులో పెట్టుకుంది. ఒక్క మాటైనా అనాలి కదా నేను, క్షమించమని కాకపోయినా, కుట్లు తగ్గాయా అనైనా.

ఆ పిల్ల జేబులోంచి చీటీ తీసింది. నేను చూస్తుండగానే పెట్టెలో వేసేసింది. గడియారం మూడూ నలభై. చాపా, కుట్టుమిషనూ, గుడ్డ పట్టుకుని నిలబడ్డ వదినా, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. సిగ్గు లేకుండా ఆ సమయంలో నాకు గుర్తొచ్చింది అదే.

"భయపడకు," అంది. "'కావాలి' అనే రాశాను."

"ఎందుకే?" అన్నాను.

"ఆ పదకొండు రోజులూ తలుపు చప్పుడైనప్పుడల్లా నువ్వేమోనని చూశానక్కా. పక్క మంచం ముసలావిడ కూడా నాతోపాటు చూసేది. కొత్త లీడరెవరైనా వస్తే మళ్ళీ అలా ఎదురుచూడాలనిపిస్తుంది. నీతోనైతే ఆ బాధ లేదు."

దిండుగలేబు చంకలో పెట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఆ అడుగుల చప్పుడు విన్నాను. ఈ ఏడాదిలో అంత శ్రద్ధగా నేనే అడుగులూ వినలేదు. ఎడమ కాలు కొంచెం ఆలస్యంగా పడుతోంది.

నాలుగింటికి వార్డెన్ వచ్చి పెట్టె బల్ల మీద బోర్లించింది. కళ్ళద్దాలు సర్దుకుని ఒక్కొక్క చీటీ విప్పి ఓ పక్కన పేర్చింది. రెండో పక్కన పెట్టడానికి ఒక్కటీ రాలేదు.

"యాభై రెండుకి యాభై రెండు!" అంది ఆవిడ నా వీపు తట్టి. "ఇన్నేళ్ళలో ఇలా ఎవరికీ పడలేదమ్మా. చెప్పుకోవాల్సిన సంగతి."

నాకు చెప్పుకోవడానికి ఉన్నవాటిలో నిజమైంది అదొక్కటే. అది మాత్రం ఇప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు.