నల్లదొర దిబ్బ

ఐ.పోలవరం వైపు ఒక ఏటిగట్టు. గంగబాబు వల బాగుచేసుకుంటున్నాడు. ఇంటరు చదివే మనవరాలు దుర్గాశ్రీ ఎదురుగా కూర్చుంది.

“ఊరికే కాదు తాతా, రేపు కాలేజీలో చెప్పాలి. నల్లదొరంటే ఎవరు?”

“ఆ దిబ్బ కింద పూడ్చిపెట్టినాయన.”

“అది నాకూ తెలుసు. ఎక్కణ్ణుంచి వచ్చేడు?”

“ఓడలో వచ్చేడంట. ఓడ ఎళ్ళిపోయింది. ఆయన ఉండిపోయేడు.”

“ఆఫ్రికా ఆయనేనా?”

“నల్లగా ఉండేవాడంట.”

“నువ్వూ నల్లగానే ఉంటావు.”

“నాది ఎండ.”

“జుట్టో?”

“ఉంగరాలంట. నీకు మల్లే.”

“అందుకే కదా నన్ను నల్లదొరసాని అంటారు! నల్లదొర కలిసొస్తాడని వీరబాబు మావయ్య కొత్త పడవకి నాచేత కొబ్బరికాయ కొట్టించేడు.”

“చేపలు బాగానే పడ్డాయిగా.”

“నవ్వకు.”

“నేనెక్కడ నవ్వేను?”

“హైదరాబాదులో నిజాం దగ్గర కూడా ఉండేవారంట తాతా, సిద్దీలని. ఆఫ్రికా నుంచే. వాళ్ళ మనవలు ఇప్పటికీ అక్కడే ఉన్నారంట.”

“ఉండరా మరి. ఇళ్ళు అక్కడే కదా.”

“అదే! నాకంటే ముందే నాలాంటి మనిషి ఈ ఊళ్ళో ఉన్నాడని చెప్తాను. అప్పుడేనా ‘మీది ఏ దేశం’ అని అడగడం మానేస్తారు.”

“మానరు.”

“పోనీ నువ్వు చెప్పు. మా నాన్న...”

“ఆ దారం ఇలా అందుకో.”

“చూసేవా! నాన్న మాటెత్తితే దారం, కత్తి, చుట్ట. సూడాను ఆయన, కువైట్‌లో డ్రైవరు, యాక్సిడెంటులో పోయేడు... అంతా అమ్మ చెప్పిందే. ఇద్రీస్ అన్న పేరు నీ నోట ఒక్కసారీ రాలేదు. నీకు అల్లుడు కాడా?”

“వల చిరిగింది.”

“వల సంగతి కాదు!”

“అరవకు. చేపలు బెదురుతాయి.”

“సరే, నల్లదొర సంగతే చెప్పు. ఆయనకి నువ్వే దిక్కంట కదా.”

“ఎవరన్నారు?”

“వీరబాబు మావయ్య. పెద్దల అమావాస్యకి అందరి పేరునా స్వయంపాకం ఇచ్చేక, ఇంకో పళ్ళెం బియ్యం, కూరలు చలపతి పంతులుగారికి ఇస్తావంట. అది నల్లదొరకేనంట.”

“వీరబాబుకేం తెలుసు.”

“మరి కాదా?”

“ఆయనెవరో నాకు తెలీదు. తెలీనోళ్ళకి ఎలా ఇస్తాను?”

“మరి ఎవరికి?”

“ఇద్రీసుకి.”

“...ఏటేటా?”

“ఊఁ.”

“పంతులుగారు ఏమనలేదా?”

“నా మొహం చూసేరు. బియ్యం చూసేరు. గోత్రం అడిగేరు.”

“నాన్నకి గోత్రం ఎక్కడిది తాతా! ఏం చెప్పేవు?”

“మనదే.”