బోసి మెడ

మ్యూజియం వెనక గదిలో, పెద్ద కిటికీ పక్కన, పాత దొరల ఇంటి నుంచి వచ్చిన, ఒళ్ళో పిల్లాడితో ఉన్న ఒకావిడ చిత్రపటం బల్ల మీద పడుకోబెట్టి ఉంది. దాన్ని శుభ్రం చేస్తున్నావిడ దూదిపుల్ల పక్కన పెట్టింది. మ్యూజియం అధికారి వంగి చూశాడు.

"దొరసాని మెడలో హారం ఏదమ్మా?"

"దూదితో పాటు వచ్చేసింది సార్. కమ్మలు కూడా. పాత వార్నిష్ తీసెయ్యమన్నారుగా, అవి ఆ వార్నిష్ మీద ఎవరో తర్వాత వేసినవి."

"అయితే ఈవిడ దొరసాని కాదా?"

"ఒళ్ళో పిల్లాడికేమో ఒంటినిండా బంగారం, ఎత్తుకున్నావిడది బోసి మెడ. దాది సార్."

"ఇన్నేళ్ళూ దాదిని చూపించి దొరసాని అన్నామన్నమాట. బాగానే ఉంది, పేపర్లో వేయిద్దాం. ఇంతకీ లేని నగలు పెట్టిన ఘనుడెవరంటావు?"

"పక్క గదిలో చివరి దొరగారు సరదాకి వేసుకున్న బొమ్మలున్నాయి కదా."

"చెట్లన్నీ చీపుర్లలా ఉంటాయి, అవేనా?"

"అవే. అదే ముద్ద పసుపు, అదే వణుకుడు గీత. ఇందాకే వెళ్ళి చూసొచ్చాను."

"ఆయనకేం పట్టింది, ఒక దాదికి..." అధికారి చూపు ఒళ్ళోని పిల్లాడి మీద ఆగిపోయింది. "ఆ చివరి దొర... వీడేనా?"

"ఆయనే సార్."

అధికారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నిన్ను తొందరపెట్టింది నేనే."

"తుడిచిన చెయ్యి నాది."

"పోనీ, మళ్ళీ వేయలేవా?"

"నేను వేస్తే ఆయన పెట్టినట్టవుతుందా?"

"ఆ దూది చెత్తబుట్టలో వేసేశావా?"

"చేతులు రాలేదు సార్. ఆవిడ నగలు కదా."