తలుపువైపు తిరిగిన బల్లలు

ఆ ఉదయం ఆకాశం మబ్బుపట్టి, ఉరుముతూ, చినుకు మాత్రం రాల్చకుండా బిగబట్టుకుని ఉంది. ముప్పై మూడేళ్ళ క్రితం, జూన్ పన్నెండవ తేదీన, మా ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతి ఉపాధ్యాయినిగా చేరిన మన టీచరుగారు, తమ గదిలోని పొడవాటి బల్లల మీద ఒక్కొక్క చోటా మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని లేస్తూండటం నేను కిటికీలోంచి చూశాను. పక్క గదిలో రెండో తరగతి నాది.

"ఏం వెతుకుతున్నారండీ?" అన్నాను.

"ఇక్కణ్ణుంచి వాళ్ళకేం కనబడుతుందో చూస్తున్నానండీ."

ఆనాటి నుంచి ఏటా బడి తెరిచే రోజున వారు ఆ పని మానలేదు. పిల్లలు పెట్టిన 'బల్లల టీచరు' అన్న పేరూ వారిని వదలలేదు. తొలి సంవత్సరాలలోనే, కళ్ళలో ఎండ పడే చోటు నుంచి బల్లలు జరిపించి, కాళ్ళందని చిన్నారుల పాదాల కింద చెక్కపెట్టెలు వేయించిన శ్రద్ధ వారిది.

ఉద్యోగంలో చేరిన ఏడవ ఏట వారికి కఠినమైన పరీక్ష ఎదురైంది. ఆ యేడు చేరిన ఒక పాప కూర్చోబెట్టిన కాసేపటికే లేచి ఇంటికి పరుగెత్తేది. దూరప్రాంతానికి పనికి వెళ్ళిన తల్లి, చెబితే ఏడుస్తుందని, పాప అటు తిరిగి ఆడుకుంటున్నప్పుడు వెళ్ళిపోయిందట. ఈ సంగతి అమ్మమ్మ చెప్పింది. టీచరుగారు పాప చోటులో కూర్చుని చూశారు. నల్లబల్ల ముందు గోడకుంది, తలుపు వెనక గోడకుంది. మర్నాడు బల్లలన్నీ తలుపువైపు తిప్పి, గుమ్మం దగ్గర స్టాండు మీద చిన్న బోర్డు నిలబెట్టి పాఠం మొదలుపెట్టారు. పాప కదలకుండా కూర్చుంది.

వారం తిరగకుండానే తనిఖీ వచ్చింది.

"గోడమీద అంత బోర్డుండగా పిల్లలందరూ దానికి వీపు పెట్టుకుంటే నన్నేమంటారమ్మా? ఈ ఒక్కపూటకి మామూలుగా సర్దించండి" అని పెద్దసారు, అంటే మా ప్రధానోపాధ్యాయులు, పట్టుబట్టారు. తనిఖీ రోజు పొద్దున్నే టీచరుగారూ నేనూ బల్లలు సర్దాము.

తనిఖీ అధికారిగారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. అప్పుడే అమ్మమ్మ పాపను తెచ్చింది. లోపలికి చూడగానే పాప గుమ్మం పట్టుకుని బిగుసుకుపోయింది.

"నాలుగు రోజులు బాగానే ఉంది, మళ్ళీ మొదలు! చూడు టీచరమ్మా, ఇవాళా పారిపోయిందంటే ఇంక బడీ వద్దు గిడీ వద్దు. నాతోపాటు పనికే తీసుకుపోతా" అంది అమ్మమ్మ.

టీచరుగారు పెద్దసారు వంక చూశారు. ఆయన తల అడ్డంగా ఊపారు. టీచరుగారు వంగి ఒక బల్ల కొస పట్టుకుని లాగారు. నేల కీచుమంది.

"ఇప్పుడు కాదమ్మా!" పెద్దసారు పళ్ళు బిగించి అన్నారు.

"ఇప్పుడు కాకపోతే పాప మళ్ళీ రాదు సార్."

అధికారిగారు లేచి నిలబడ్డారు. పెద్దసారు ఆయన ముఖం చూశారు, పాప ముఖం చూశారు, గబగబా వచ్చి బల్ల రెండో కొస పట్టుకున్నారు.

"ఈడ్చకండి, ఎత్తండి. కాలు విరుగుతుంది."

"ఎవరిది సార్?" నోరు జారాను. ఎవరూ నవ్వలేదు. మరో బల్ల నేను పట్టాను.

అధికారిగారు తమ కుర్చీ తామే ఎత్తుకున్నారు. "నన్నెటు తిరగమంటారు?" అన్నారు.

ఆఖరి బల్ల తిరిగాక పాప గుమ్మం వదిలింది. వచ్చి కూర్చుంది. "సాయంత్రం వస్తానే" అని అమ్మమ్మ బయలుదేరింది. ఆమె వెళ్ళడం, కనుమరుగవడం పాప కళ్ళారా చూసింది. లేవలేదు.

ఆ అమరిక ఆ గదికి స్థిరపడింది. అటుపైన అక్కడ తలుపుకు వీపు పెట్టినవారు టీచరుగారు ఒక్కరే. పదోన్నతి వచ్చినప్పుడు కూడా, "పెద్దసారు గదిలో సర్దడానికి ఒక్క కుర్చీయేగా ఉండేది" అని సవినయంగా కాదన్నారు.

పదవీ విరమణ చేశారు కనుక, ఇకనైనా కాళ్ళు చాపుకుని కూర్చునే తీరికా, చెక్కుచెదరని ఆరోగ్యమూ, తమ వారి నడుమ నిండైన దీర్ఘాయువూ వారికి లభించాలని మా అందరి తరఫున మనసారా కోరుతున్నాను.

వారి చివరి పనిదినాన మధ్యాహ్నం, పిల్లలను పంపించాక, ఆ గదిలోనే భోజనాలకు కూర్చున్నాము. ఏనాడో పదవీ విరమణ చేసిన పెద్దసారు చేతికర్రతో వచ్చారు. టీచరుగారు అలవాటుగా గుమ్మం వైపు చోటుకు వెళ్ళబోతే, ఆయన ముందుగా వెళ్ళి తలుపుకు వీపు పెట్టి అక్కడ కూర్చున్నారు. టీచరుగారు ఒక్క క్షణం నిలబడి, పిల్లల బల్ల మీద, తలుపుకు ఎదురుగా కూర్చున్నారు. అందరం తిన్నాము.