ట్రెలోర్‌కి టపా

ఆ పుస్తకం ఎక్కడ దొరికిందే నీకు? బీరువా వెనకాలా? ఇలా తే, ఇలా తే. మెల్లిగా తల్లీ, అట్ట ఊడొచ్చేలా ఉంది. మీ నానమ్మ ఏం చేస్తోంది? పెరట్లో బట్టలారేస్తోందా? సరే, అయితే కూర్చో. గుమ్మం వైపు మాత్రం ఓ కన్నేసి ఉంచు. ఈ పెన్సిల్ రాతలు ఎవరివనేగా నీ ప్రశ్న? ఈ గుండ్రటి రాత మీ నానమ్మది, తెలుస్తూనే ఉంది. ఈ కోడి కెలికినట్టున్నది మిసెస్ షిర్మర్‌ది. ఇదిగో, చీమలు బారు కట్టినట్టు సన్నగా, ఒద్దికగా ఉందే, ఇది వాడిది. లయనెల్ ట్రెలోర్. నీకెలా తెలుస్తాడు, మీ నాన్నకే తెలీదు, అప్పటికి మీ నాన్న ఇంకా పాకుతున్నాడు. వాడు పోయి ఎన్నేళ్ళయిందో. అయినా ఆ పేరెత్తితే నాకు ఇక్కడ, ఇదిగో ఇక్కడ, ఇప్పటికీ మంట. నవ్వకు. డాక్టరిచ్చే మాత్రలకి తగ్గే మంట కాదిది.

అప్పుడు నేను నల్లార్‌బోర్ ఎడారి మైదానంలో రైలు పట్టాల గ్యాంగుకి మేస్త్రీని. స్టేషనంటే ఇక్కడి పోర్ట్ అగస్టా స్టేషన్‌లా ఊహించుకుంటావేమో, అదేం కాదు. నాలుగిళ్ళు, ఓ నీళ్ళ ట్యాంకు, మిగతాదంతా ఆకాశం. చెట్టు నీడన్న మాటే లేదు. మా కుక్క నా నీడలో పడుకునేది, నేను కదిలితే అదీ కదిలేది. మంచి కుక్క, దాని సంగతి ఇంకోసారి చెప్తాలే. మంగళవారం సరుకుల బండి వచ్చేది. మాంసం అందులోనే, పిండి అందులోనే, జీతం అందులోనే, టపా అందులోనే. ఆ రోజు ఆడవాళ్ళు పెళ్ళికెళ్తున్నట్టు ముస్తాబై, పెదాలకి రంగేసుకుని మరీ మాంసం పెట్టె దగ్గర నిలబడేవాళ్ళు. మీ నానమ్మ ఆకుపచ్చ గౌను వేసేది. బాగుండేదిలే. ఏం, చెప్పకూడదా?

ఆ లైన్లో ఓ పెద్ద స్టేషన్ మాస్టారి పెళ్ళాం ఈ మిసెస్ షిర్మర్. ఊరికే కూర్చోలేని మనిషి. అడిలైడ్ వెళ్ళొస్తూ ఈ పుస్తకం కొనుక్కొచ్చి, లైన్లో చదవడమొచ్చిన ప్రతి ఇంటికీ కబురంపింది. ఏంటంటే, పుస్తకం టపాలో ఒకళ్ళ తర్వాత ఒకళ్ళకి తిరుగుతుంది. ఒక్కో విడతా కొన్ని అధ్యాయాలే. మిగతా పేజీలన్నీ ఆవిడ సూదీదారంతో కుట్టేసేది! నిజంగానే, ఇదిగో చూడు, అంచున ఆ చిల్లులు కనబడుతున్నాయా? చదివినంత మేరకి నీకేమనిపించిందో పక్కన పెన్సిల్‌తో రాసి, తర్వాతవాళ్ళకి పంపాలి. అందరిదీ అయ్యాక పుస్తకం ఆవిడ దగ్గరికి తిరిగెళ్తే, ఇంకాస్త కుట్టు విప్పి మళ్ళీ పంపేది. ఫోన్లో మాత్రం కథ గురించి నోరెత్తకూడదు. ఎందుకంటే మా లైనంతటికీ తీగొక్కటే. ఎవరు మాట్లాడినా అందరూ ఎత్తి వినేవాళ్ళు. విననివాడు పాపాత్ముడు. ఆ వరసలో మీ నానమ్మ తర్వాతవాడు, ఆఖరివాడు, ఈ ట్రెలోర్. మా పక్క స్టేషన్లో నీళ్ళ పంపు చూసేవాడు. పెళ్ళీ పెటాకులూ లేవు. పంపు దాని మానాన అది తిరిగేది, వీడు దాని పక్కన కూర్చుని చదివేవాడు. అదీ ఓ ఉద్యోగమేనా? మేం ఎండలో పట్టాల కిందేసే స్లీపరు దుంగలు మోస్తుంటే!

కథా? కథ వెన్నులో చలి పుట్టించే రకం. ఒక విధవరాలి ఇంట్లో ఒకడు అద్దెకుంటాడు. కథంతా వాడే చెప్తాడు, నేనిలా చేశాను, నేనలా అనుకున్నాను అని. ఆవిడ చెల్లెలు ఒకరోజు కనబడకుండా పోతుంది. ఇక చూస్కో, ప్రతి పేజీలో వాడు ఎంత మర్యాదగా మాట్లాడతాడంటే, వీడు దేవుడా, తడిగుడ్డతో గొంతు కోసే రకమా అని తేలదు. కత్తీ లేదు, నెత్తురూ లేదు. వట్టి మాటలే. అయినా చదివాక తలుపు గడియ ఇంకోసారి చూసుకుంటాం. మీ నానమ్మ మొదటి విడతలోనే రాసేసింది: "వీడే చంపాడు. ఇంత మంచిగా మాట్లాడేవాణ్ణి నమ్మకూడదు." దానికింద ట్రెలోర్ రాశాడు: "మిసెస్ పోలార్డ్, మీరు తొందరపడుతున్నారు. ఇతను అబద్ధాలాడుతున్న మాట నిజమే, కానీ తనకోసం కాదు. ఆ ఇంటావిడని కాపాడ్డానికి."

ఇక మొదలైంది మా ఇంట్లో. మీ నానమ్మ సంగతి నీకు తెలుసుగా. ఆవిడ మాట వాదనలో ఓడటం ఎవరైనా చూశారా? నేను చూళ్ళేదు. గడియారం ఆగిపోయినా ఆవిడ చెప్పిందే టైము. కూరలో ఉప్పెక్కువైందంటే నా నాలిక పాడైంది. మా పెళ్ళినాడు వానపడిందని నేనంటాను, పళ్ళేదని ఆవిడ, ఫోటోలో గొడుగులు చూపిస్తే అవి ఎండకంటుంది. అలాంటి మనిషికి ఎదురు చెప్పేవాడు దొరికాడు. పొద్దస్తమానం వాడి మాటే. "ట్రెలోర్ ఇలా రాశాడు క్లెమ్, చూడు, ఎంత తెలివో!" "ఈసారి ట్రెలోర్ నోరు మూయిస్తాను చూడు." రొట్టెకి పిండి కలుపుతూ తనలో తనే నవ్వుకునేది. ఏంటే అంటే, "ఏం లేదు, ఓ మాట తట్టింది" అనేది. నేను పక్కనే ఉన్నాను, నాకు చెప్పొచ్చుగా ఆ మాట? చెప్పదు. వాడికి రాయడానికి దాచుకునేది. పైగా ఆ ఆకుపచ్చ గౌను. మాంసం పెట్టె కోసం వేస్తోందా, టపా పెట్టె కోసమా? చెప్పు, నువ్వైతే ఏమనుకుంటావు?

నాకసలు పుస్తకాలు పడవు. అయినా ఆవిడ కోళ్ళ దగ్గరికెళ్ళినప్పుడల్లా దీన్ని తీసేవాణ్ణి. ముందు పెన్సిలు రాతలే చదివాను, అచ్చు జోలికి పోలేదు. అద్దెకున్నవాడు ఇంటావిడ కోసం ప్రాణమైనా ఇస్తాడట! ఇంటావిడ గమనించట్లేదట! అర్థమైందా? ఎవడా అద్దెకున్నవాడు, ఎవరా ఇంటావిడ? నాకు బాగానే అర్థమైంది. ఆ తర్వాత రుజువు దొరుకుతుందేమోనని అచ్చు కూడా చదివాను. చదివేకొద్దీ పిచ్చెక్కింది. పుస్తకంలోవాడు మర్యాదగా మాట్లాడితే నాకు ట్రెలోర్ గొంతు వినబడేది. మీ నానమ్మ టీ కప్పిస్తే, ఈ మనిషి ఎందుకింత ప్రేమగా ఇస్తోందని చూసేవాణ్ణి. ఇవ్వకపోతే ఎందుకివ్వలేదని. అలాంటి పుస్తకం అది, మంచి మనిషి బుర్ర కూడా పాడు చేస్తుంది.

చివరికి ఒకనాడు ఉండబట్టలేక ఫోనెత్తాను. "ఒరే ట్రెలోర్, నా పెళ్ళాంతో నీకేం పనిరా?" అన్నాను. అలాగే అన్నాను, ఇప్పుడైనా అలాగే అంటాను. టక్కు, టక్కు, టక్కుమని లైనంతా ఒక్కో ఫోనూ లేస్తున్న చప్పుడు వినబడింది. వాడు ఆ సన్న గొంతుతో, "పోలార్డ్ గారూ, మీరు ఎన్నో అధ్యాయంలో ఉన్నారు?" అన్నాడు. చచ్చాననుకో! లైను ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పగలబడి నవ్వింది. మిసెస్ షిర్మర్, "క్లెమ్, ఇది రైళ్ళు నడిపే తీగయ్యా, నీ కాపురం నడిపేది కాదు, పెట్టెయ్!" అంది. నెలల తరబడి ఎక్కడికెళ్ళినా అదే మాట. పట్టా బోల్టు బిగిస్తుంటే కుర్రగాళ్ళు, "మేస్త్రీ, ఎన్నో అధ్యాయంలో ఉన్నావు?" అనేవాళ్ళు.

మీ నానమ్మా? నాతో మాట్లాడ్డం మానేసింది. కుక్కతో చెప్పేది: "కూడు పెట్టానని ఆయనకి చెప్పు." కుక్క నా వంక చూసేది, పాపం దానికేం తెలుసు. సరే, తర్వాతి విడత పుస్తకం వచ్చింది. ఈవిడ గబగబా తీసి, పోయిన విడత అధ్యాయాల పక్కన వాడు రాసే చోటు చూసింది. ఖాళీ! వాడు ఒక్క ముక్క రాయలేదు. మర్యాదస్తుడు కదా, తప్పుకున్నాడు. మీ నానమ్మ ఆ ఖాళీ వంక అలా చూస్తూ కూర్చుంది. స్టవ్ మీద పాలు పొంగినా లేవలేదు. నేను గెలిచాననుకున్నావా? వాడు రాస్తే ఒక మంట, రాయకపోతే ఇంకో మంట. ఆ ఖాళీ జాగాని చూసినట్టు ఆవిడ నా మొహం ఎప్పుడైనా చూసిందా అని.

ఆఖరి విడతలో చివరి అధ్యాయం కుట్టు విప్పొచ్చింది. ఆవిడ చదివేసి, పైకేం చెప్పకుండా, బ్రౌను కాగితంలో చుట్టి, దారం కట్టి, పైన వాడి పేరు రాసి మంగళవారం బండి కోసం అరుగు మీద పెట్టింది. చుట్టకముందే నేనూ చదివేశాను, కోళ్ళ టైములో. ఆదివారం రైల్వే కంట్రోలు ఆఫీసువాళ్ళు ఫోన్ చేశారు. ట్రెలోర్ పంపు పక్కన కుర్చీలోనే పోయాడు, గుండె. గూడ్సు బండి డ్రైవరు నీళ్ళకి ఆగి చూశాడట. ఆ ఎండల్లో శవాన్ని ఉంచలేం, వెంటనే పాతిపెట్టాలి, దగ్గరున్న గ్యాంగు మాదే. అంటే, వాడికి గొయ్యి తవ్వాల్సింది ఎవరు? నేను! దిక్కుమాలిన సున్నపురాయి నేల, గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేచాయి. మీ నానమ్మ కూడా బయల్దేరింది, ఆ ఆకుపచ్చ గౌన్లోనే. పిల్లాణ్ణి పక్కింట్లో వదిలి, పట్టాల మీద నడిచే మా ట్రాలీ ఎక్కి నా పక్కన కూర్చుంది, ఒళ్ళో ఆ పొట్లం. "నువ్వెందుకే, ఎండ" అన్నాను. కుక్క లేదుగా అక్కడ, నాతోనే చెప్పాల్సొచ్చింది: "నేనొస్తాను" అంది. అంతే. ఒంటరిగా ఎలాగూ పంపను. చచ్చినవాడి దగ్గరికైనా సరే, పంపను.

పాతిపెట్టాం. పాస్టరు లేడు, మేస్త్రీని కాబట్టి నాలుగు ముక్కల ప్రార్థన నేనే చదివాను. టోపీలు పెట్టుకుంటున్నాం, ఈవిడ ముందుకొచ్చింది. "ఆగండి. ట్రెలోర్‌కి టపా ఉంది" అంది. మా వాళ్ళంతా మళ్ళీ టోపీలు తీశారు, ఏం చెయ్యాలో తెలీక. ఆ దారం ముడి నిదానంగా విప్పింది. కాగితం మడిచి నా చేతికిచ్చింది. ఆ మట్టికుప్ప దగ్గర నిలబడి చివరి అధ్యాయం చదవడం మొదలెట్టింది. మొత్తం! ఈగలు మొహం మీద వాలుతున్నా చెయ్యెత్తలేదు. నేను గొడుగు పట్టుకు నిలబడ్డాను, నా పెళ్ళాం పరాయి మగాడికి కథ చదివి వినిపిస్తుంటే. ఆ గొంతు... ఏం చెప్పను. పెళ్ళైన కొత్తలో కూడా నాతో అంత మెత్తగా మాట్లాళ్ళేదు. నాకింతవరకు పేపరులో వార్త ఒక్కటి చదివి వినిపించిన మనిషి కాదు. అయిపోయాక పుస్తకం మూసి, వంగి, "నువ్వే గెలిచావు, ట్రెలోర్" అంది.

అదే. అక్కడే నా కాళ్ళకింద నేల కదిలింది. ఎందుకంటే నేను చదివానుగా. ఇదిగో, ఈ చివరి పేజీ తియ్యి. కళ్ళజోడు ఉందిగా, చదువు. ఎవడు చంపాడు? ఆ... అద్దెకున్నవాడే. వాడే, తన చేత్తోనే. మీ నానమ్మ మొదట్నుంచీ రాసిందే నిజం. నేను గొడుగు పట్టుకుని పక్కనే ఉన్నాను, పేజీ మీదున్నదొకటి, ఆవిడ నోట్లోంచొచ్చిందొకటి. ఎక్కడా తడబడలేదు, టైముకి పేజీలు తిప్పింది, వాడు ఆ ఇంటావిడ కోసం నేరం నెత్తిన వేసుకున్నట్టు అక్కడికక్కడ అల్లేసి చదివింది. మా వాళ్ళకేం తెలుసు, ముక్కులెగబీల్చారు. తెలిసింది నాకొక్కడికే. ఇన్నేళ్ళలో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

నువ్వే చెప్పు తల్లీ. పెళ్ళినాటి వాన విషయంలో కూడా నాకు ఓడిపోని మనిషి. ఫోటో చూపించినా ఓడిపోని మనిషి. వాడికోసం ఓడి...

అమ్మో, వస్తోంది. పెట్టెయ్, పెట్టెయ్, బీరువా వెనకాలే, ఇందాకట్లాగే. ఏం లేదే ఏవిస్! పిల్లకి మన కుక్క సంగతి చెప్తున్నా. ఏంటీ? గోధుమరంగా? నల్లకుక్కే అది! సరే... సరేలే. గోధుమరంగే.