పొట్టేలుకు తోడు

గీడ ఆగుదాం జర, మోకాళ్లు పట్టేసినయి. నువ్వు రోజు గీ తొవ్వనే కాలేజీకి పోతవు గద బిడ్డా, గీ యాపచెట్టును ఎన్నడన్న సూసినవా? యాడ సూస్తవ్, ఫోన్ల మునిగి పోతవు. గిదే చెట్టు చుట్టు సుబ్బరాయుడు సారు పంచె ఎగ్గట్టి ఉరికిండు, ఎనుక మా రాజలింగు మామ పొట్టేలు! ఏందా? ఆగు, ఆగు, మొదటికెల్లి చెప్తా.

రాజలింగు మామంటే మా మేనత్త సారలమ్మ పెనిమిటి. మల్కాజ్‌గిరి దిక్కు రైలు గేటుకాడ గేటుమన్. నేను వాళ్లింట్లనే ఉండి చదువుకున్న. తార్నాకల అప్పుడు యాడియి గీ ఫ్లాట్లు, గీ బిర్యానీ హోటళ్లు? మా అత్తోళ్లది ఇంత చెల్క భూమి, రేకుల ఇల్లు, కొన్ని గొర్రెలు, ఒక పొట్టేలు. దాని పేరు సుబేదార్. పందొమ్మిది వందల అరవై ఏడుల, దసరా ముంగట, మామ రిటైరైండు. ఇగ జూడు, గోడకు ఒరిగి కూసునుడే పని. రైలు కూతేస్తే లేసి నిలబడుడు, మళ్ల కూసునుడు. అన్నం ముట్టడు. "సారలా, నాతోటి ఎవలికి పనున్నదే ఇగ?" అనేటోడు. మా అత్త ఆయన ముంగట గట్టిగ తిట్టేది, పొయ్యికాడికి పోయి కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్చేది. మామ వాళ్లన్న గూడ నౌకరి దిగినంక గట్లనే మంచం పట్టి పోయిండట. ఈయన గూడ గట్లనే పోతడేమోనని ఆమె భయం.

గా దినాలల్లనే పొట్టేలు లొల్లి మొదలైంది. సలికాలం పొట్టేలు మందల ఉంటే గొర్రెలు నడి ఎండకాలం ఈనుతయి. గడ్డుండది, తల్లికి పాలుండయి. అంతకుముందటేడు పిల్లలు గట్లనే పోయినయి పాపం. గందుకని అత్త దాన్ని వానలు పడేదాక యేరే కట్టేసింది. కట్టేస్తే ఊకుంటదా? అరుసుడు, గుంజ పీకుడు, మేత ముట్టకపోవుడు. ఒకనాడు అత్త నడుముల చేతులు పెట్టుకొని, "ఓ దిక్కు ఇది తినది, ఓ దిక్కు నువ్వు తినవు! ఎవలికని తినిపియ్యాలె నేను? గొర్రె జాతి ఒంటిగ ఉండదయ్యా, బెంగతోటి సస్తది. నాకు చెల్క పనున్నది. పట్టు తాడు, దీనెంబడి నువ్వుండు!" అని తాడు మామ చేతిల పెట్టింది. మామ గులుగుకుంటనే లేసిండు.

ఇగ రోజు మామ, పొట్టేలు ఇద్దరు గీ కాలేజీ క్యాంపస్‌లకే. మొదట్ల పొట్టేలే మామను గుంజుకపోతుండె. రోడ్డు దాటాలంటే మామ చెయ్యి అడ్డం పెట్టి అందరిని ఆపేటోడు, గేటుకాడ ఆపినట్టు. సైకిళ్ల మీద పిలగాండ్లు నవ్వుకుంట ఆగి, "సుబేదార్ సాబ్‌కు సలాం!" అనేటోళ్లు. సుబ్బరాయుడు సారేమో రాయలసీమాయన, గీ కాలేజీ ఆఫీసుల గుమస్తా. ఒకనాడు వచ్చి, "ఏమప్పా, మా ఊర్లో ఇట్లాంటివి ఎన్ని సాకినామో! ఎంత సాధువుగా ఉండాదో చూడు," అనుకుంట దాని నొసలు రుద్దిండు. పొట్టేలు నొసలు రుద్దొద్దు బిడ్డా, కుస్తీకి పిలిసినట్టు దానికి. అది ఎనుకకు జరిగింది. "చూసినావా, భయపడింది!" అన్నడు సారు. అంతే! సంచి ఓ దిక్కు, చెప్పులు ఓ దిక్కు, సారు చెట్టు చుట్టు! "పట్టుకోప్పా, సచ్చిపోతా!" పట్టుకుందామంటే మామకు నవ్వాగుతలేదు, కిందనే కూలబడిండు. నౌకరి దిగినంక గదే మొదటి నవ్వు. ఇంటికొచ్చి, సారు ఎట్ల ఉరికిండో అత్తకు ఉరికి సూపెట్టి, మళ్ల మళ్ల అన్నం పెట్టిచ్చుకున్నడు. మా అత్త ముఖం సూడాలె నువ్వప్పుడు! సారు గూడ మంచోడు, మరునాటికెల్లి పల్లీలు పట్టుకొని రోజు వస్తుండె. తాడు ఎంత పొడుగున్నదో సూసుకొని నిలబడేటోడనుకో.

సలి తగ్గుతుంటే కొమురెల్లి అని గొర్లకాపరి ఇంటికొచ్చిండు. "గింత పరేషాన్ ఎందుకక్కా? పొట్ట కింద గోనెపట్ట కట్టి మందల ఇడిసిపెట్టు. మందల్నే తిరుగుతది, గొర్రె చూలు కట్టది. మేమందరం గట్లనే చేస్తం, నీకెరుకలేదా?" అన్నడు. అత్త గబుక్కున నోటి మీద ఏలు పెట్టుకొని, మామ లేడు గద అని అటిటు సూసి, "ఎరుక లేకేంది? ఇది మందలకు పోతే మీ బావ మళ్ల గోడకాడికి పోతడు. ఆయన ముంగట గోనెపట్ట మాటెత్తినవో, అది నీకే కడ్త!" అన్నది. పక్కకున్న నాతోటి గూడ ఒట్టు పెట్టిచ్చుకున్నది.

వానలు పడంగనే పొట్టేలు మందలకు పాయె, దసరా రాంగనే తాడు మళ్ల మామ చేతికొచ్చె. ఏండ్లకేండ్లు గిదే తంతు. అత్త పోయినంక ఒకనాడు, ఇగ దాసేదేముందని, మామకు గోనెపట్ట ముచ్చట చెప్పిన. మామ నవ్విండు. "నేను పుట్టిందే గొర్లకాపరోళ్లింట్ల గదరా, గోనెపట్ట నాకెరుకలేదా? మీ అత్త పొయ్యికాడ కొంగు అడ్డం పెట్టుకొని ఏడుస్తుంటే నాకు ఇనపడకపోవునారా? ఇగ తాడు వద్దని ఎట్లంట?"

...

లే బిడ్డా, నీ క్లాసుకు లేటైతది.